ఏనుగు బండ ఎక్కనివ్వని ఇద్దరు

ఆ అడవిలో ఎవరి సరుకైనా ఏటి ఒడ్డున ఏనుగు ఏలే బండ మీదికే మోసుకెళ్ళాలి. అక్కడ నక్క చేతికివ్వాలి, కావలసింది నక్క చేతినుంచే పుచ్చుకోవాలి. అది ఎవరిదని అడగకూడదు. నేల తవ్వి దుంపలు తీసి గోళ్ళరిగేది ముళ్ళపందికి, ఆ దుంపల్లో నాలుగో వంతు ఏనుగుకి. అదేం న్యాయమని అడిగినందుకు ఏనుగు ముళ్ళపందిని బండ ఎక్కనివ్వలేదు. అలాగే అడిగిన ఎలుగునూ తరిమేసింది.

ముళ్ళపంది పిల్లకు దగ్గు పట్టుకుంది. తేనె కావాలి. బొరియ నిండా దుంపలున్నాయి గాని తీసుకునేవాళ్ళు లేరు.

"నీతో మాట్లాడితే నాకూ బండ పోతుంది," అంటూ కుందేలు తప్పుకుంది.

అసలు ఇన్నేళ్ళూ తిన్న తేనె ఎక్కడిదని ముళ్ళపందికి మొదటిసారి అనుమానం వచ్చింది. కాసిని దుంపలు మోసుకుని, తేనెటీగలు పోయే దారి చూస్తూ కొండ అవతలికి దిగింది. అక్కడ ఎలుగు, నెల్లాళ్ళుగా ఒట్టి తేనె తిని మొహం మొత్తి, దిగాలుగా కూర్చుంది.

"ఆ దుంపలు నీవా బావా? సముద్రం అవతలివని చెప్పిందే నక్క," అంది ఎలుగు.

"నీ తేనె గురించీ అదే చెప్పింది," అంటూ ముళ్ళపంది దుంపలు దించింది. "ఇందులో ఏనుగుకి ఎంత తియ్యాలి?"

"ఏ ఏనుగుకి?" అంది ఎలుగు.

మూడు రోజుల్లో పిల్ల దగ్గు తగ్గింది. నాలుగో రోజు కుందేలు నెమ్మదిగా కొండెక్కి ఆ ఇద్దరి దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ రోజు ఏనుగుని మీరేమని అడిగారో ఆ మాట కాస్త నాకూ నేర్పుతారా?"