ఎర్ర కారుకు మచ్చ

కారు కడుగుతున్న నాగలక్ష్మమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. బానెట్ మీద, ఎడమ లైటుకు జానెడు పైన, మూడు చోట్ల ఎర్రరంగు పెచ్చులూడి లోపలి తెలుపు కనబడుతోంది. ఒక్కోటీ కందిగింజంత కూడా లేదు. అయినా ఆమె గుండె గుభేలుమంది.

"తనూజా, బిర్నా ఇట్ల రా" అని కోడల్ని తొందరపెడుతూ కేకేసింది.

గుభేలుమనక ఏం చేస్తుంది? యాభై దాటాక పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్న మనిషి. బండి మీద ఒక్క గీత పడినా తాళంచెవి మళ్లీ తన జేబులోకే వస్తుందని, లారీలు తిప్పే మొగుడు ఓబుళేశు ముందే షరతు పెట్టాడు. నిన్ననే మొదటిసారి కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని డోన్ నుంచి మంత్రాలయం దాకా నడిపి, స్వామి దర్శనం చేసుకుని వచ్చింది. వచ్చే వారం కడపలో చెల్లెలి కూతురి పెళ్లికి కూడా తనే నడుపుకొని వస్తానని ఫోన్లో చుట్టాలందరికీ చాటింపు వేసేసింది. ఇప్పుడు పక్క సీట్లో చేతులు కట్టుకుని పోయి దిగితే ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తనూజ వంగి చూసింది. "రాళ్లత్తా ఇవి. నిన్న మన ముందర కంకర లారీ పోలా? దాని టైర్ల కిందినుంచి ఎగిరుంటాయి."

"మీ మామ లారీనే అయ్యుంటాది" అని నాగలక్ష్మమ్మ పళ్లు కొరికింది.

ఓబుళేశు తెల్లారకముందే పని మీద తుమ్మలపల్లె పోయాడు. వచ్చేది సాయంత్రానికే. ఈలోగా షెడ్డుకు తోలుకుపోదామంటే డోన్‌లో ప్రతి షెడ్డువాడూ అతనికి దోస్తే. బండి షెడ్డులోకి పోకముందే అతనికి ఫోను పోతుంది. ఏం చేసినా ఇంట్లోనే, గేటు మూసుకుని చేసుకోవాలి.

తనూజ ఫోన్లో వీడియోలు చూసింది. తలుపు లోపలి అంచున అతికించిన చీటీలో రంగు నంబరు చూసుకుని, స్కూటీ మీద బజారుకు పోయి గోళ్లరంగు సీసా అంత పెయింటు, సన్న ఎమిరీ కాగితం తెచ్చింది. ఎవరి బండికని అంగడాయన అడిగితే పుట్టింటోళ్లదని బొంకిందట.

అత్త సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి, ఊడిన చోట అంచుల్ని ఎమిరీ కాగితంతో తాకీ తాకనట్టు రుద్దింది. సీసా మూతకున్న బ్రష్షుతో మొదటి చుక్క పెట్టగానే రంగు ఉబ్బెత్తుగా లేచి పులిపిరిలా కూర్చుంది. మునుపే నయం అనిపించేలా ఉంది. గబగబా తుడిచేసి, బ్రష్షును పక్కన పడేసి, ఓ చీపురుపుల్ల విరిచింది. రోజూ వాకిట్లో ముగ్గుచుక్కలు పెట్టే చేయి అది, ఊరికే పోతుందా? పుల్ల కొనకు రవ్వంత రంగు తీసుకుని సరిగ్గా గుంటలోకి దించింది. అది ఆరాక మళ్లీ కొంచెం. అది ఆరాక మళ్లీ. రోజూ తిట్లు తినే వడగాలి ఆ రోజు మాత్రం పుణ్యం కట్టుకుంది.

ఆరేదాకా కారు పక్కనే కూర్చుని ఇద్దరూ అన్నం తిన్నారు. ఓబుళేశుకు దిష్టంటే శానా భయం. పాత చెప్పు వేలాడదీయకుండా అతని లారీ ఒక్కటీ రోడ్డెక్కదు. ఈ కారు వెనకా కడతానని వస్తే, నేను కూర్చునే బండికి చెప్పేమిటని నాగలక్ష్మమ్మ దాన్ని దిబ్బలోకి విసిరేసింది. తనూజ అది గుర్తుచేసి, మామను ఆ రోజు కట్టనిచ్చి ఉంటే ఈ రాళ్లు తగిలేవి కాదేమో అని ఏడిపించింది. అత్త కోపంగా చూడబోయి ఫక్కున నవ్వేసింది.

పొద్దు వాలేసరికి మచ్చలు ఎక్కడుండేవో వాళ్లిద్దరికే దొరకలేదు. నాగలక్ష్మమ్మకు పట్టరాని సంతోషం. తాళంచెవిని కొంగున ముడేసుకుని కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఓబుళేశు రానే వచ్చాడు. కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా కారు దగ్గరికే పోయాడు. బానెట్ మీదికి వంగాడు. బొటనవేలితో రుద్దాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ వెతికాడు. కాఫీగ్లాసుతో బయటికి రాబోయిన నాగలక్ష్మమ్మ గడపలోనే ఆగింది.

"ఏమే, ఈడ మూడు మచ్చలు ఉండాల. యాడ పోయినాయి?"

పొద్దున్నే చూసిపోయాడన్నమాట. ఇక దాచి లాభం లేదు. ఆమె గ్లాసు కోడలి చేతికిచ్చి, కొంగుముడి విప్పి, తాళంచెవిని అతని ముందు చాపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంద, పెట్టుకో. రోడ్డు మీద రాళ్లు తగిలినాయి. నువ్వు చూస్తే బండి ఇయ్యవని పొద్దున్నుంచి కూర్చోని నేనే రంగు పూసినా."

ఓబుళేశు తాళంచెవి తీసుకోలేదు. ఆమె వేళ్లను మళ్లీ దాని మీదికే మూసి, చొక్కా జేబులోంచి ఒక మేకు తీశాడు.

"రాళ్లు కాదే, పిచ్చిదానా. నిన్న నువ్వు బండి నడుపుకుంటా వస్తాంటే వీధి వీధంతా మిద్దెలెక్కి నిన్నే చూస్తాండ్రి. చెప్పు కడతామంటే నువ్వు కట్టనియ్యవు. నీకు దిష్టి తగలకూడదని, పొద్దున పోతాపోతా ఈ మేకుతో ఆ చుక్కలు నేనే పెట్టి పోయినా."