మలిపిలుపు

"బాబూ, ఇందులో ఏం రాశారో కాస్త చదివి పెడతారా?"

సూర్యనారాయణ తల తిప్పి చూశాడు.

తెల్లచీర కట్టుకున్న ముసలావిడ. చంకలో చిన్న మూట. కాళ్ళకు రేవు బురద. బడి గోడకు అంటించిన ఆహ్వానపత్రం వైపు చూపిస్తోంది.

ఊరు కాని మనిషి. ఇప్పుడే పడవ దిగినట్టుంది.

రాజోలు అవతల ఆ ఊళ్ళో ఆ సాయంత్రం సంతాపసభ. రాత్రిబడి పెట్టి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన వరప్రసాదం మాస్టారు పోయి నెల అయింది.

సభకు ఆడవాళ్ళు వచ్చి, బడి కావాలని అడిగితేనే మరో మాస్టారిని ఇప్పిస్తానన్నారు అమలాపురం నుంచి వస్తున్న అధ్యక్షులవారు. లేకపోతే బడి మూతే.

కిందటేడు బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరు సూర్యనారాయణే సభకు కార్యదర్శి. పత్రం తనే రాసి అచ్చు వేయించాడు. చదవమంటే కాదనే మనిషి కాదు.

గొంతు సవరించుకున్నాడు.

"'నా అన్నవారెవరును లేకున్నను, ఈ గ్రామమునే స్వకుటుంబముగా భావించిన మహనీయునకు శ్రద్ధాంజలి ఘటించుటకై తామెల్లరు సకుటుంబముగా విచ్చేయ ప్రార్థన.' ఎలా ఉందండీ?"

ఆవిడ మళ్ళీ పత్రం వైపు చూసింది.

"నా అన్నవారు లేరని మాస్టారే చెప్పేరా బాబూ?"

"ఆయనేం చెప్పలేదండి. కానీ ఒక్క కార్డు ముక్కయినా వచ్చేది కాదు. పోస్టంతా నా చేతి మీదే కదండీ, నాకు తెలీదా?"

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది.

"ఆయ్. బాగా రాశారు బాబూ." తల ఎత్తి అడిగింది. "మలిపిలుపుకి ఎవరెళ్తున్నారు?"

"మలిపిలుపా? ఇదేమన్నా పెళ్ళి భోజనమాండీ? ఇంటింటికీ కార్డు పంచేం. ఇంక రావడమే."

"కార్డు కబురే కదా బాబూ. వేళకి గడపలోకొచ్చి మళ్ళీ పిలవందే ఆడవాళ్ళు లేవరు."

"ఊరు కాని ఊరొచ్చి మీకెందుకండీ ఇవన్నీ! కాస్త పక్కకి జరగండి మామ్మగారూ, బల్లలొస్తున్నాయి."

ఆవిడ పక్కకి జరిగింది.

సభ వేళయింది. అధ్యక్షులవారు వచ్చేశారు. బల్లల మీద మగవాళ్ళు సర్దుకున్నారు. ఆడవాళ్ళకు పరిచిన చాపల మీద ఓ కోడిపెట్ట తిరుగుతోంది.

"మా ఇంట్లో మీ కార్డు మజ్జిగ చెంబు మీద మూతెట్టేరండి" అన్నాడు బల్లలు మోసుకొచ్చిన తాతబ్బాయి.

"ఆడవాళ్ళ బడి అన్నారు. ఆడవాళ్ళేరండీ?" అన్నారు అధ్యక్షులవారు.

సూర్యనారాయణ వీధిలోకి తొంగి చూశాడు.

అప్పుడు వీధి మలుపులో గాజుల చప్పుడు.

ముందు రాత్రిబడిలో చదువుకున్న వీరలక్ష్మి. వెనకాల బుజ్జమ్మ, ఆమె కోడళ్ళు. ఆ వెనక వీధికి వీధే కదిలి వచ్చింది. చాపలు చాలక కొందరు దడి పక్కన నిలబడ్డారు.

"బడి కావాలండి" అన్నారందరూ ఒక్క గొంతుతో.

"అయితే మాస్టారు వస్తారు" అన్నారు అధ్యక్షులవారు.

చప్పట్లు మోగాయి. మాస్టారి ఫోటో మీద తెర తీశారు.

సూర్యనారాయణ ఛాతీ పొంగింది. "చూశావా తాతబ్బాయ్! కార్డంటే అలా ఉండాలి!"

ముందు చాప మీద కూచున్న వీరలక్ష్మి కిసుక్కున నవ్వింది. "మాస్టారు మాకు గుణింతాల దాకానే చెప్పేరండి. మీ కార్డు నిండా ఒత్తులే! పెద్దావిడ మలిపిలుపుకి రాబట్టి వచ్చేం."

"ఏ పెద్దావిడ?"

"ఇంకెవరండీ, మీ అమ్మగారు! తెల్లచీర కట్టుకుని ఎండలో గడప గడపకీ తిరిగేరు. 'నేను బొట్టు పెట్టకూడదు కదమ్మా' అని మా రెండు చేతులూ పట్టుకుని పిలిచేరు. అలా పిలిస్తే రాకుండా ఎలాగండీ?"

సూర్యనారాయణ చప్పున లేచాడు. "ఆవిడ లోపలున్నారా?"

"రమ్మన్నామండి. 'నన్నెవరూ పిలవలేదు తల్లీ' అని దడి గుమ్మం దగ్గరే ఆగిపోయేరు. ఫోటో తెర తీసేదాకా చూసి రేవుకేసి వెళ్ళిపోయేరు."

రేవులో ఆఖరి పడవ కదులుతున్న కేక వినబడింది.

"వీరలక్ష్మిగారూ, ఆవిడ మా అమ్మ కాదండి. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది."

వీరలక్ష్మి తెల్లబోయింది.

"మరి ప్రతి గడపలోనూ 'మా అబ్బాయి సభ తల్లీ, ఎవరూ రాకపోతే చిన్నబోతాడు' అన్నారేంటండీ?"