రెండు గిన్నెలు

వంటింట్లోకి అడుగుపెట్టిన వరలక్ష్మి కొత్తగా వచ్చిన గ్యాస్ పొయ్యి మీది బాణలిలోకి తొంగిచూసి, గభాలున వెనక్కి జరిగింది. ఎర్రటి రసంలో తెల్లటి గొట్టాలు వంకరటింకరగా, మెరుస్తూ, కుతకుతా ఉడుకుతున్నాయి.

"గివేంది సుగుణా? పేగులా?"

"రామ రామ. పేగులెందుకైతయి అత్తమ్మా? మకరోని. గోధుమపిండితోటి చేస్తరు. ఇటలీ దేశపోళ్లు మనం అన్నం తిన్నట్టు ఇవి తింటరు."

"మరి నడుమ పొక్కలెందుకు?"

"కారం లోపటికి పోవాలె గదా."

కోడలు నవ్వుతూ గరిటె తిప్పింది. టమాటాల గుజ్జు, నూరిన ఎండు మిరపకాయలు, ఇంగువ పోపు. అంతటితో ఆగితే వరలక్ష్మి ఊరుకునేదేమో. సుగుణ ఒక సీసా మూత తీసి నల్లటి నీళ్లేవో చుట్టూ పోసింది.

"అదేంది మళ్ల?"

"సోయా సాస్. చీనోళ్లు సోయాగింజలు పులవెట్టి చేస్తరు. హైదరాబాద్ హాస్టల్ల నేర్చుకున్న."

"ఇటలోళ్లు, చీనోళ్లు అందరచ్చి నా వంటింట్లనే కూసున్నరు. అదిగూడ శనివారం పూట. ఉల్లిగడ్డ ఏసినవా?"

"ఏయలే అత్తమ్మా. తలకు పోసుకొని, మడి గట్టుకొనే వండిన. దేవునికి గూడ పెట్టచ్చు."

మట్టెవాడలోని ఆ ఇంట్లో దేవుడి ముందు పెట్టనిది ఎవరి నోట్లోకీ పోదు. శనివారం వస్తే వేంకటేశ్వరస్వామికి పులిహోర. అది పెట్టాకే వరలక్ష్మి భర్త పాండురంగం కొట్టు తాళం తీసేది.

"ఈ పేగులసొంటియి స్వామి ముంగట పెట్టుమంటవా? మీ మామ ఇన్నడంటె పూజ ఇడిసిపెట్టి లేస్తడు."

"అయితె నేనొండింది ఈ ఇంట్ల ఎవ్వరు తినరా? వచ్చినకాడికెల్లి కూరగాయలు కోసుడే నా పని."

"ఇయ్యాల ఒక్కలన్న ఇది తిననీ, రేపటిసంది వంటిల్లు నీదే. తినకుంటె మాత్రం ఈ గొట్టాలు మళ్ల పొయ్యెక్కద్దు. సరేనా?"

"సరే అత్తమ్మా."

సరే అన్నదే గానీ సుగుణ కళ్లు తుడుచుకుంది. అది మిరపకాయ ఘాటు కాదని వరలక్ష్మికి తెలుసు. మనసు కొంచెం చివుక్కుమంది. అయినా దేవుడి విషయంలో మొహమాటమేమిటి?

మకరోనిని మూత గిన్నెలోకి వంచి పెరట్లోకి నడిచింది. వంటింటి కిటికీ పక్కనే బావి. పాండురంగం అక్కడ స్నానం చేస్తున్నాడు. మడిలో ఉన్నప్పుడు వరలక్ష్మి పనిమనిషిని తాకదు. ఏదిచ్చినా బావి గచ్చు మీద పెడుతుంది, మొగిలమ్మ వచ్చి తీసుకుంటుంది.

"మొగిలమ్మా, గచ్చు మీద గిన్నె పెట్టిన. ఆవుకు పెట్టు."

"పేడ తీస్తాన్నమ్మా. అయిపోంగనే వస్త," కొట్టంలోంచి గొంతు వినిపించింది.

పాండురంగం ఒంటి మీద ఇంకో చెంబెడు నీళ్లు పోసుకున్నాడు.

ఆ గిన్నెకు జత గిన్నెలో పులిహోర సర్ది, మూతపెట్టి, దేవుడి ముందు పీట మీద ఉంచింది వరలక్ష్మి. మళ్లీ వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద పసుపునీళ్లు చల్లి, కోడలితో తుడిపించింది. అంతలో గంట మోగింది. అత్తాకోడళ్లిద్దరూ గబగబా వెళ్లి చేతులు జోడించారు.

పాండురంగం గిన్నె మూత తీశాడు.

ఎర్రగా, నిగనిగలాడుతూ, మకరోని.

వరలక్ష్మి ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. పూజలో ఆయన మాట్లాడడు, ఎవరినీ మాట్లాడనివ్వడు. ఆయన తులసిదళంతో నీళ్లు చల్లి గిన్నె చుట్టూ తిప్పుతుంటే, కళ్లప్పగించి చూడటం తప్ప ఆమె ఏం చేయగలదు? స్వామి పటం వైపు భయంభయంగా చూసింది. స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు.

హారతి అయ్యేదాకా ఆగి వరలక్ష్మి నోరు తెరిచింది.

"ఎంత పనాయె. గిన్నెలు మార్చి పెట్టిన. నా కండ్లు కాలిపోను, తప్పాయె స్వామీ," అంటూ చెంపలు వాయించుకుంది.

"అయింది గదా. చెయ్యి పట్టు," అన్నాడు పాండురంగం.

"నేనా? ఇదా?"

"స్వామి ముంగట పెట్టినంక ఇది ఇటలోళ్లది గాదు, చీనోళ్లది గాదు. ప్రసాదం. వద్దంటె చెప్పు, పారబోస్త."

ప్రసాదం వద్దనడమా? వరలక్ష్మి దోసిలి పట్టింది. కళ్లకద్దుకుని, కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. అది నాలుక మీద జారింది. పంటి కిందికి రాగానే గొట్టంలోని కారం చిమ్మింది. ముక్కు కారింది, చెవులు వేడెక్కాయి. కళ్లు తెరిచి, ఎవరి వైపూ చూడకుండా మళ్లీ చేయి చాపింది.

"కారం జర తక్కువెయ్యాలె," అంది కోడలితో. "మాటంటె మాటే. రేపటిసంది వంటిల్లు నీదే. తప్పు నాదైనంక ఇంకేమంట?"

సుగుణ తల వంచుకుని నవ్వు ఆపుకుంది. పాండురంగం దీపం వత్తి సరిచేస్తూ ఉండిపోయాడు.

పెరటి గుమ్మం అవతల నుంచి మొగిలమ్మ పసుపు అంటిన ఖాళీ గిన్నె చూపింది.

"అమ్మా, మీరు పెట్టిన గిన్నె సేటు లోపటికి తీస్కపోయి, లోపటి గిన్నె తెచ్చి గచ్చు మీద పెట్టిండు. 'స్వామి వారం వారం తినే పులిహోర ఇయ్యాల ఆవును తిననీ' అన్నడు."