చేతులతో చెప్పే వార్తలు

ఉదయం వార్తల మీద ప్రేక్షకుల అభిప్రాయం అడిగే నంబరుకు నాగులు వారం రోజులుగా ఫోను చేస్తుంటే, ఆ పొద్దున కలిసింది. టీవీలో యాంకర్ నేరుగా నాగులు వైపే చూస్తోంది.

"తర్లుపాడు నుంచి నాగులు గారూ, టీవీ సౌండు తగ్గించి మాట్లాడండి. మా వార్తలు ఎలా ఉన్నాయి?"

నాగులు సౌండు పూర్తిగా తీసేశాడు. "బాగుండాయమ్మా. ఆ మూలన నిలబడి చేతుల్తో వార్తలు చెప్పే పాపను ఎందుకు తీసేసినారు?"

"ఎవరూ చూడటం లేదని ఆపేశామండీ. మీ ఇంట్లో వినపడనివాళ్ళు ఉన్నారా?"

"నా కూతురమ్మా, నాగవేణి. మార్కాపురం హాస్టల్లో ఉండి ఆ సైగలు నేర్చుకునింది. నేను గొర్రెలెంబడి తిరిగేటోణ్ణి, నాకు రావు."

"మీ అమ్మాయి కోసమైనా మళ్ళీ పెట్టమని చెబుతాను."

"అమ్మాయి లేదమ్మా. జరమొచ్చి పోయి నాలుగు నెలలైంది. ఆస్పత్రిలో ఆఖర్న నన్ను చూసి చేతుల్తో ఏందో చెప్పింది. మూడుసార్లు చెప్పింది. నాకు తెలీక ఊరికే తలూపినా. టీవీలో పాప ఎప్పుడన్నా అట్ల చేస్తే, అది ఏ మాటో తెలుస్తాదని రోజూ చూస్తా ఉంటి."

యాంకర్ గొంతు తగ్గింది. "ఆ సైగ ఎలా ఉంది? చెప్పండి, తెలిసినవాళ్ళను అడుగుతాను."

నాగులు ఫోను మంచం మీద పెట్టాడు. టీవీకి దగ్గరగా జరిగి, రెండు చేతులూ ఎత్తి, కూతురు చేసినట్టే చేసి చూపించాడు. మళ్ళీ చేశాడు. మూడోసారీ చేశాడు.

సౌండు లేని తెర మీద ఆమె పెదవులు "హలో, హలో" అంటున్నాయి. ఆమె ఏమంటోందో నాగులుకు తెలియలేదు. ఊరికే తలూపాడు.