ఆఖరి రూలు

"కుదరదు," అన్నాడు వెంకటప్పయ్య, ఫైలు మూసి అక్షయ వైపు నెట్టేస్తూ.

"ఎందుకు కుదరదు సార్?"

"ఆ కుర్రాడు మన రకం విమానం మీద ఎన్ని గంటలు ఎగిరాడో ఇందులో లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు."

హనుమాన్ జంక్షన్ దాటాక పామాయిల్ తోటల పక్కనున్న ఆ చిన్న ఫ్లయింగ్ క్లబ్బుకి వెంకటప్పయ్య మేనేజరు. విమానం ఒక్కటే. అక్షయ ఆ క్లబ్బు సభ్యురాలు. శనివారం ఆమెకి కమర్షియల్ లైసెన్సు పరీక్ష. ఈలోగా, బయట ఏమీ కనపడకుండా కళ్లకి అడ్డు పెట్టుకుని, ఎదురుగా ఉన్న మీటర్లు మాత్రమే చూస్తూ ఇంకో రెండు గంటలు విమానం నడపాలి. ఆ సేపూ బయట చూసి చెప్పడానికి పక్క సీట్లో ఇంకో పైలట్ ఉండాలి. అతనే సేఫ్టీ పైలట్. ఎప్పుడూ ఆ పని చేసే ఇన్‌స్ట్రక్టరు డెంగీతో ఆసుపత్రిలో పడ్డాడు. శనివారం తప్పితే ఇదివరకు పాసైన పేపర్లకి గడువు తీరిపోతుంది. అన్నీ మళ్లీ రాయాలి.

అందుకే లైసెన్సున్న జ్ఞానేశ్వర్‌ని వెంటబెట్టుకొచ్చింది. అతను హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

"గంటలు లాగ్‌బుక్‌లో ఉన్నాయి సార్. మీరు పేజీ తిప్పలేదు. కావలసినదానికి రెట్టింపే ఉన్నాయి."

"మెడికల్?"

"ఇదిగో. వచ్చే ఏడాది దాకా చెల్లుతుంది."

వెంకటప్పయ్య ఆ కాగితాన్ని దొంగనోటు చూసినట్టు వెలుతురుకి ఎత్తి చూశాడు.

"పెడన కదూ ఊరు?"

"అవును."

"మగ్గాలవాళ్లు."

"అది కూడా ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారా సార్?"

"ఊరికే అన్నాను."

పక్క టేబులు దగ్గరున్న క్లర్కు మాణిక్యం తల ఇంకాస్త దించుకుని కంప్యూటర్లో ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ పాలసీలో అతని పేరు లేదు," అన్నాడు వెంకటప్పయ్య. "పేరు లేనివాణ్ణి ఎక్కిస్తే రేపు రెక్కకి గీత పడినా కంపెనీ చేతులెత్తేస్తుంది. పటమట ఆఫీసుకెళ్లి పేరెక్కించుకురా. చూద్దాం."

రూలు కూడా సరుకే. కొనేవాడికి ఎంత అవసరమో తెలిస్తే ధర పెరుగుతుంది. అక్షయ అవసరం వెంకటప్పయ్యకి బాగా తెలుసు.

పటమటలో సర్వరు పనిచేయలేదు. పనిచేసేసరికి సంతకం పెట్టాల్సినాయన భోజనానికి వెళ్లాడు. ఆయన వచ్చేసరికి ప్రింటరు మొరాయించింది. ఆఫీసు మూసే వేళకి కాగితం చేతికొచ్చింది. గురువారం పొద్దున్నే అక్షయ దాన్ని తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టింది.

వెంకటప్పయ్య రెండుసార్లు చదివాడు. మూడోసారికి మొహం వికసించింది.

"ఇక్కడ చూడు. క్లబ్బు సభ్యులకు మాత్రమే వర్తిస్తుందట. అతను సభ్యుడా?"

"ఇప్పుడే చేరతాడు."

"ఏప్రిల్ దాకా కొత్తవాళ్లని చేర్చుకోవడం లేదు. కమిటీ తీర్మానం."

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చు కదా సార్?"

"నువ్వడగలేదు."

అక్షయ కుర్చీ పట్టుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గొంతు గట్టిగానే ఉంది. "గజం కొలిచి ఇస్తే ఇంకో గజం అంటున్నారు. అతను కాకుండా ఇంకెవరైనా అయితే ఇన్ని రూల్సు ఉండేవా?"

"రూలు మొహాలు చూడదు. ఇంకెవరినైనా తెచ్చుకో, ఇప్పుడే సంతకం పెడతాను."

"రేపటిలోగా ఎవర్ని తెమ్మంటారు? ఈ చుట్టుపక్కల పైలట్లేమన్నా ఆటోస్టాండులో దొరుకుతారా?"

"అది నువ్వు చూసుకోవాలి."

"అయితే దారే లేదా?"

వెంకటప్పయ్య నిబంధనల పుస్తకం తీసి, కళ్లజోడు సర్దుకుని, తీరిగ్గా చదివాడు. "సభ్యుల తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు. వీళ్లని ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. బయటివాళ్లకి లేదు."

"ఇదే ఆఖరి రూలా?"

"ఆఖరిదే."

"రేపు ఇంకోటి పుట్టదుగా?"

"పుట్టదు. మాట అంటే మాటే. ఏం మాణిక్యం?"

"నన్ను మధ్యలోకి లాగకండి సార్, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు మాణిక్యం.

బేరంలో ఒక తప్పు చేయకూడదు. ఎదుటివాడు కొనలేడన్న ధీమాతో ఆఖరి ధర చెప్పేయకూడదు. చెప్పాక వాడు జేబులో చెయ్యి పెడితే సరుకు ఇచ్చి తీరాలి.

శుక్రవారం మధ్యాహ్నం అక్షయ వచ్చింది. జ్ఞానేశ్వర్ ఈసారి బెంచీ దగ్గర ఆగలేదు. ఆమెతోపాటు లోపలికే వచ్చాడు. యూనిఫాం కాలరు కింద ఆమె మెడలో పసుపుతాడు కొత్తగా మెరుస్తోంది.

"పొద్దున జంక్షన్‌లో గుడి దగ్గర తాళి కట్టాడు. తర్వాత రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాం," అంటూ సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టింది. "భర్తని చేర్చుకోవచ్చన్నారు. చేర్చుకోండి. పొద్దుగుంకేలోగా ఎగరాలి."

మాణిక్యం లేచి, మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లిపోయాడు.

వెంకటప్పయ్య సర్టిఫికెట్టు దగ్గరికి లాక్కున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా అలవాటు కొద్దీ వేలు మాత్రం ఒక్కొక్క గీత మీదుగా కిందికి జరుగుతూ పోయింది. చివర ఆగింది.

"అమ్మాయి తరఫు పెద్దలెవరూ సంతకం పెట్టలేదు," అన్నాడు. "ఇది చెల్లదు."

"వెనక పేజీ చూడు నాన్నా," అంది అక్షయ. "అమ్మ పెట్టింది."