బూడిద పడని ఎండ

“పద బావా, మీటింగుకి వేళైంది. మన ప్లాంటు స్థలంలో సోలారు పెట్టే ప్లాను రాసే ఆఫీసర్ల మొహం మీదే నువ్వు అడగాలి. ‘మీ సోలారు మీరే ఉంచుకోండి, మా బాయిలర్లు మళ్లీ వెలిగించండి’ అనాలి. బొగ్గు దగ్గర తల నెరిసినవాడివి, నీ మాట కాదనలేరు.”

అంటూనే లోపలికి వచ్చిన బావమరిది, గదికి అడ్డంగా కట్టిన తాడు మీది తడి దుప్పటికి తల తగిలించుకున్నాడు.

“ఇదేంటి బావా! బయట ఎండ పేలిపోతుంటే ఇంట్లో ఆరేస్తావు?”

“బూడిద పడుతుంది,” అన్నాడాయన, బకెట్లోంచి లుంగీ తీసి పిండుతూ.

“ఏ బూడిద? బొగ్గు కరెంటు ప్లాంటు మూసి ఏడాది కావస్తుంటే!”

ఆయన చేతులు ఆగిపోయాయి. కిటికీలోంచి చూశాడు. క్వార్టర్ల వరస పొడుగునా ఒక్క వాకిట్లోనూ బట్టలు లేవు. అందరూ ఆయనలాగే ఇంకా ఇళ్లలోనే ఆరేసుకుంటున్నారు.

“ఎండలో ఆరిన చీర ఒక్కసారైనా కట్టుకోవాలనేది మీ అక్క. దగ్గీ దగ్గీ పోయింది.”

“ఇప్పుడవన్నీ ఎందుకు బావా? సోలారు పలకలు తుడవడానికి మనందరం అక్కర్లేదుగా. రేపు ఏం తిని బతకాలి?”

“అదే అడుగుతాను. అందరికీ పని చూపించేదాకా వాళ్లని కుర్చీల్లోంచి లేవనివ్వను. నువ్వు బాయిలర్ మాట ఎత్తావో, మళ్లీ ఈ గడప తొక్కకు.”

బావమరిది చెప్పులు వేసుకున్నాడు గానీ వెళ్లలేదు. బావ చొక్కా మార్చుకుని వచ్చేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు.