ఆదివారం కుట్లు

"మీ కాలరు మీద ఈ గులాబీ దారం ఎక్కడిది?"

వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తున్న లిఫ్టు మెకానిక్ చేతిలో స్పానరు ఆగిపోయింది.

"ఏ దారం?"

"ఇదిగో." ఆమె వంగి దాన్ని రెండు వేళ్లతో తీసి, తను పనిచేసే ల్యాబులో శాంపిల్ పరీక్షించినట్టు కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"లిఫ్టులో ఎవరి బట్టలదో అంటుకుని ఉంటుంది. రోజుకి వందమంది ఎక్కి దిగుతారు."

"వందమందీ మీ మెడ మీదుగానే ఎక్కుతారా?"

అతను సింకు కిందనుంచి లేచాడు. కుళాయి తిప్పి నీళ్లు కారడం లేదని చూసుకుని, చేతులు కడుక్కుని బయల్దేరాడు.

"డ్యూటీకి టైమైంది."

"ఆదివారం పూట?"

"లిఫ్టులకు ఆదివారాలు తెలుస్తాయా?" అంటూ మెట్లు దిగేశాడు.

ఆమె బాల్కనీలోంచి చూసింది. ఇస్త్రీ చొక్కా. నున్నగా దువ్విన తల. మూడు నెలలుగా ఇదే తంతు. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఫోన్ ఎత్తడు. ఎందుకెత్తలేదంటే లిఫ్టు గుంతలో సిగ్నల్ లేదంటాడు.

ఊరుకోలేక అతని ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఆదివారాలు ఆయనకు సెలవే కదమ్మా," అన్నాడు అవతలి మనిషి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఎప్పుడూ గలగలా వాగే కూతురు, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, వచ్చే నెల వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరబోతూ పెట్టె సర్దుకుంటోంది.

"మీ నాన్న ఎవరి దగ్గరికో వెళ్తున్నారే."

"వెళ్లనీ అమ్మా. ఆయనిష్టం ఆయనది."

"ఎలా వెళ్లనిస్తానే? వయసేమైనా తక్కువా? నిన్న కాలరు మీద అత్తరు వాసన కూడా..."

"నిన్న నాన్న రాలేదు. నీ ముక్కుకి కూడా ఊహలొస్తున్నాయి." పిచ్చుక కిసుక్కున నవ్వింది. "అసలు నీకెందుకంత మంట?"

"నాకు మంటేంటి? నాకేం మంట లేదు," అంటూ ఆమె మడతపెట్టిన తువ్వాలునే మళ్లీ విప్పి మడతపెట్టింది.

తర్వాతి ఆదివారం రెండున్నరకే అతని వీధి మలుపులో నిలబడింది. అతను బయటికి రాగానే ఇరవై అడుగుల వెనక నడిచింది. రెండు వీధులు దాటి, ఒక టైలరింగ్ షాపు పక్క సందులోంచి అతను మేడెక్కాడు. పైనుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ఒకటి కాదు, చాలా గొంతులు. ఆమె చెప్పులు చప్పుడు కాకుండా మెట్లెక్కి, ఓరగా తెరిచిన తలుపులోంచి తొంగి చూసింది.

పొడవాటి బల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్లు. మధ్యలో ఇతనొక్కడే మగవాడు. నలభై ఏళ్ల ఒకావిడ అతని పక్కన వంగి, అతని చేతిమీద చెయ్యేసి మరీ నేర్పుతోంది. నవ్వితే ఆవిడ బుగ్గలు సొట్టలు పడుతున్నాయి.

"మెకానిక్ గారూ, సూదిని స్క్రూడ్రైవర్‌లా పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి! సూది పట్టాడట! ఆమె తలుపు తోసేసింది.

"ఎవరు కావాలండీ?" అంది సొట్టబుగ్గలావిడ.

"మీరు పట్టుకున్న ఆ చెయ్యి కావాలి."

అతను ఉలిక్కిపడ్డాడు. సూది వేలికి గుచ్చుకుంది. "నువ్వా! నువ్వెలా వచ్చావ్?"

"నడిచి. మీ ఆదివారం డ్యూటీ చూద్దామని."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. టీచరు మాత్రం కంగారుపడకుండా అతని ముందున్న గుడ్డను బల్లమీద పరిచింది. అది బొంత. తొమ్మిది గడులు. ఒకదాంట్లో నక్షత్రం, ఒకదాంట్లో గాలిమర, ఇంకోదాంట్లో ఇల్లు. ఏ రెండూ ఒక్కలా లేవు.

"ఇక్కడ అందరూ ఇలాంటి బొంతే కుడతారమ్మా. గడికో నమూనా చొప్పున అన్నీ చేతికొస్తాయని. ఈయన కూతురికి కుడుతున్నారు. ఉద్యోగానికి వెళ్లేలోపు పూర్తవాలని, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు."

ఆమె బొంత మీదికి వంగింది. పిచ్చుక మొదటి స్కూలు యూనిఫారం. అతని పాత ఖాకీ చొక్కా. నక్షత్రానికి అంచుగా గులాబీ దారంతో వంకరటింకర కుట్లు. మధ్య గడిలో నీలిపువ్వుల గుడ్డ.

"ఇది నా స్కార్ఫు. పోయిందని ఇల్లంతా వెతికాను."

"నా దగ్గర ఉండిపోయింది," అన్నాడతను నేల చూస్తూ.

"ఆ గడి దగ్గరే ఈయన నెల రోజులు ఉండిపోయారు," అంది టీచరు. "బాగానే కుట్టారన్నా వినరు. విప్పడం, మళ్లీ కుట్టడం."

ఆమె ఆ నీలిపువ్వులను ఓసారి వేలితో తడిమింది. అయినా టీచరుకూ అతనికీ మధ్య ఉన్న కుర్చీ లాక్కుని దాంట్లో కూర్చుంది.

"ఇకనుంచి ఎక్కడ తప్పు కుట్టారో నేను చూస్తాను. మీరు మిగతావాళ్లకు నేర్పండి."

గదంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వేసింది.

"ఇంత గట్టిగా కాపలా కాసే భార్యను నేనెక్కడా చూడలేదు. మీ పెళ్లయి ఎన్నేళ్లయిందండీ?"

"ఇరవై నాలుగు," అంది ఆమె ఠక్కున.

"విడాకులై ఆరు," అన్నాడతను మెల్లగా.